మెదడును తాకకుండా మెదడు కణాలను చూసేదెలా?

పరిశోధన కోసమని బతికున్న మనిషి మెదడులోంచి ముక్క తీయలేం కదా! మరి ఆటిజంలో నాడీకణాలు ఎలా నడుచుకుంటాయో తెలిసేదెలా? అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో సెర్జియు పాష్కా బృందం ఇందుకు రోగుల చర్మ కణాలను తీసుకుంది. వాటిని మూలకణాలుగా వెనక్కి మళ్లించే పద్ధతిని జపాన్ శాస్త్రవేత్త షిన్యా యమనాక కనిపెట్టారు. 2012లో ఆయనకు నోబెల్ వచ్చింది. మూలకణాలకు సరైన రసాయన సంకేతాలు అందిస్తే అవి నాడీకణాలుగా ఎదుగుతాయి.

ఈ బృందం ఎంచుకున్నది టిమోతీ సిండ్రోమ్. ఇది చాలా అరుదైన వ్యాధి. గుండె లయ తప్పుతుంది. చాలామంది పిల్లల్లో ఆటిజమూ ఉంటుంది. కారణం ఒక జన్యువులో ఒకే ఒక్క అక్షరం మారడం! నాడీకణంలోకి కాల్షియం వచ్చే ద్వారాన్ని ఆ జన్యువే తయారుచేయిస్తుంది. తూము వేళకు మూయకపోతే మడిలో నీళ్లు ఎక్కువైనట్టే, ఆ ద్వారం ఆలస్యంగా మూసుకుంటే కణంలోకి కాల్షియం ఎక్కువ చేరుతుంది. అప్పుడు కొన్ని నాడీకణాలు ఎదిగే మెదడులో తమ చోటికి సరిగా ప్రయాణించలేవు. ల్యాబ్‌లో పెంచిన చిన్న కణజాల ఉండల్లో ఈ తడబాటును కళ్లారా చూశారు. నాకు అన్నిటికంటే అబ్బురంగా తోచేది ఇదే.

2024లో మరో అడుగు పడింది. జన్యు సందేశంలో దోషమున్న భాగాన్ని కణం వదిలేసి, దాని జోడు భాగాన్ని వాడుకునేలా చేసే ఒక అణువును తయారుచేశారు. మానవ నాడీకణాలు అమర్చిన ఎలుకల్లో అది పనిచేసింది. అయితే ఆటిజంతో సంబంధమున్న జన్యువులు వందల్లో ఉన్నాయి. ఈ పద్ధతి గురిపెట్టింది వాటిలో ఒక్కదానికే.