మీకు తెలుసా? రివాల్వర్ బోరు పెద్దదైతే దెబ్బా పెద్దదేనా?

● అమీర్‌పేటలో సారథి స్టూడియో 1950లలో వెలిసింది. ఆనాటి నుంచి తెలుగు తెర మీద ఎందరు రౌడీలు రివాల్వర్ దెబ్బకు గాల్లోకి లేచి అద్దాల బీరువాల మీద పడ్డారో లెక్కలేదు. నిజంగా మనిషిని ఎగరగొట్టే రివాల్వర్ ఒక్కటీ లేదు. .357 మాగ్నమ్ తూటా బరువు సుమారు 10 గ్రాములు, వేగం సెకనుకు 370 మీటర్లు. ఆ తోపంతా 70 కిలోల మనిషికి అందినా అతను వెనక్కి జరిగే వేగం సెకనుకు ఐదారు సెంటీమీటర్లు మించదు. పైగా అంత తోపూ కాల్చినవాడి చేతికీ తగులుతుంది. రౌడీ ఎగిరితే హీరో కూడా ఎగరాలి. మన హీరోలు ఎగరరు.

● బోరు అంకె తూటా వెడల్పును సుమారుగా చెబుతుంది, అంతే. పాత బ్రిటిష్ వెబ్లీ రివాల్వర్ తూటా .455, అంటే పదకొండు మిల్లీమీటర్ల పైమాటే. బరువు 17 గ్రాములు. కానీ సెకనుకు 180 మీటర్ల వేగంతో నింపాదిగా పోతుంది. దానికన్నా సన్నటి .357 శక్తి అంతకు రెండింతల పైనే. బరువు రెట్టింపైతే శక్తి రెట్టింపు, వేగం రెట్టింపైతే నాలుగింతలు. లెక్క అక్కడుంది.

● ఇంకో తిరకాసు: .38 స్పెషల్ తూటా వెడల్పు కూడా .357 అంగుళాలే! 1935లో వచ్చిన మాగ్నమ్‌కు తొడుగు మూడు మిల్లీమీటర్లకు పైగా పొడుగు చేశారు. పాత రివాల్వర్లో పొరపాటున కూడా ఈ శక్తిమంతమైన తూటా దూరకూడదని.

● చెక్కపలకలు, నీళ్ల డబ్బాలు వరసగా పెట్టి ఏ బోరు ఎంత చీల్చిందో చూడటం తుపాకీ ప్రియులకు పాత సరదా. సైన్యమూ ఇంతకన్నా గొప్పగా చేయలేదు. 1904లో అమెరికా సైన్యం తరఫున థామ్సన్, లాగార్డ్ అనే ఇద్దరు అధికారులు షికాగో కబేళాల్లో పశువుల మీద, పైగా శవాల మీద రకరకాల బోర్లు కాల్చి చూశారు. .45కు తగ్గకూడదని తేల్చారు. కాల్చిన పశువులు కొద్ది, పద్ధతి ప్రతిసారీ ఒకటి కాదు. అయినా ఆ తీర్పు దశాబ్దాలపాటు చలామణీ అయింది.

● ఒకే రివాల్వర్లో, ఒకే గురితో కాల్చినా బరువైన, నిదానమైన తూటా తరచూ అట్ట మీద *పైన* తగులుతుంది! తూటా గొట్టం దాటేలోపే తుపాకీ మూతి పైకి లేస్తుంది. నిదానంగా పోయేది గొట్టంలో ఎక్కువసేపు ఉంటుంది కాబట్టి ఎక్కువ ఎత్తు నుంచి బయటపడుతుంది. గొట్టం దాటాక మాత్రం కిందికి జారడంలో దానిదే ముందడుగు. 25 మీటర్లు పోయేసరికి .32 తూటా ఆరున్నర సెంటీమీటర్లు జారితే, .357 రెండు సెంటీమీటర్లే జారుతుంది. గురి కుదరలేదని బోరును తిట్టేముందు సైటు సరిచూసుకోవాలి.

● మన దేశంలో లైసెన్స్ రివాల్వర్ అనగానే .32 గుర్తొస్తుంది. .380, .455 రిమ్ తూటాలు పట్టేవి నిషిద్ధ బోర్ల జాబితాలో ఉన్నాయి మరి. 1896లో పుట్టిన ఈ .32ను చాలామంది చిన్నచూపు చూస్తారు. కానీ గురిపోటీల్లో దీనికి మహా గౌరవం. సెంటర్‌ఫైర్ పిస్టల్ పోటీలో పెద్ద బోర్లకు అనుమతి ఉన్నా షూటర్లు .32కే మొగ్గుతారు: తన్ను తక్కువ, తూటాలు దగ్గరదగ్గరగా తగులుతాయి. దీనికి మూతి బల్లపరుపుగా ఉన్న తూటా వాడతారు. కాగితాన్ని చింపకుండా గుండ్రంగా కత్తిరిస్తుంది. తమాషా ఏమిటంటే, ఆ పోటీలో కాగితపు టార్గెట్ మీద చిల్లు ఎంతదైనా 9.65 మిల్లీమీటర్ల గేజ్‌తోనే మార్కులు కొలుస్తారు. కాబట్టి లావు తూటాకు అదనపు లాభమేమీ లేదు.

● హైదరాబాదీ ఈషా సింగ్ 25 మీటర్ల పిస్టల్‌లో 2023 హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల జట్టు స్వర్ణం, వ్యక్తిగత రజతం గెలిచింది ఇంకా చిన్న బోరుతో, .22తో. అక్కడ పదికి పది తెచ్చే నడిమి వలయం, నిదానంగా కాల్చే అంకంలో, ఐదు సెంటీమీటర్లే.

● 2014లో కాన్పూర్ నుంచి వచ్చిన ‘నిర్భీక్’, 2023లో అదే ఊరి నుంచి వచ్చిన ‘ప్రబల్’ రెండు రివాల్వర్లూ .32 బోరే. మొదటిది టైటానియం మిశ్రమంతో చేసిన అరకిలో తుపాకీ. రెండోది దాదాపు 700 గ్రాములు, 50 మీటర్ల దాకా పని చేస్తుందని తయారీదారు మాట. బోరు ఒకటే అయినా చేతిలో రెండూ ఒకటి కావు.

● పంజాగుట్టలో పెళ్లి బరాత్‌లోనో, మేడ మీదో ‘చూద్దాం ఎలా పేలుతుందో’ అని సరదాగా కాల్చారనుకోండి. ఆయుధాల చట్టానికి 2019లో చేసిన సవరణ ప్రకారం నిర్లక్ష్యంగానో, సంబరాలకో కాల్పులు జరిపి ఇతరుల ప్రాణాల మీదికి తెస్తే రెండేళ్ల దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. ఒక్కో లైసెన్సుదారు ఉంచుకోగల తుపాకులను మూడు నుంచి రెండుకు తగ్గించింది కూడా ఆ సవరణే. ఎన్నికలొస్తే ఆ రెండూ పోలీస్ స్టేషన్‌లో అప్పగించమంటారు.