తిరగబెట్టే జ్వరం

జ్వరం తగ్గి పథ్యం తిన్న రోగికి మళ్ళీ ఒళ్ళు కాగితే జ్వరం తిరగబెట్టిందని అంటారు. పథ్యం తప్పిందనో, చన్నీళ్ళు పోసుకున్నాడనో కారణాలు వెదకుతారు. అయితే రోగి ఎంత జాగ్రత్తగా ఉన్నా తిరగబెట్టడమే స్వభావంగా గల జ్వరం ఒకటి ఉన్నది. వైద్యశాస్త్రంలో దీనిని పునరావృత జ్వరం అంటారు. మలేరియా, టైఫాయిడ్ల వలె ఇది అందరికీ తెలిసిన వ్యాధి కాదు. అందువల్లనే దీనిని పోల్చుకోవడంలో పొరపాట్లు జరుగుతుంటాయి.

వ్యాధి లక్షణాలు

సూక్ష్మజీవి శరీరంలో ప్రవేశించిన సుమారు వారం రోజులకు హఠాత్తుగా చలి, తీవ్రమైన జ్వరం, తలనొప్పి, కండరాల నొప్పులు మొదలవుతాయి. మూడు రోజులపాటు బాధించిన తరువాత జ్వరం ఒక్కసారిగా ఇంకా పెరిగి, ముచ్చెమటలు పోసి, దిగిపోతుంది. రోగి లేచి తిరుగుతాడు. వారం గడిచేసరికి మళ్ళీ అదే వరుస. వైద్యం జరగకపోతే ఇలా అనేక పర్యాయాలు తిరగబెట్టవచ్చు. గర్భిణులకు ఈ వ్యాధి మిక్కిలి ప్రమాదకరం. గర్భస్రావం కావచ్చు, పుట్టిన శిశువు మరణించవచ్చు.

సూక్ష్మజీవిని కనుగొన్న వారు

జర్మన్ వైద్యుడు ఒబర్‌మైయర్ 1868లో బెర్లిన్ నగరంలో రోగుల రక్తాన్ని సూక్ష్మదర్శినిలో పరీక్షిస్తూ, మరచుట్టు వలె మెలికలు తిరిగి చురుకుగా కదిలే సన్నని జీవులను చూశాడు. ఈ సంగతిని 1873లో ప్రకటించాడు. ఇవి స్పైరోకీట్లు అనే బాక్టీరియాల తెగకు చెందినవి. వీటి ప్రజాతి పేరు బొర్రీలియా. మన దేశంలో 1876-78 నాటి గొప్ప క్షామకాలంలో ఈ జ్వరం బొంబాయిలో ప్రబలగా, 1877లో వాండైక్ కార్టర్ అక్కడి రోగుల రక్తంలో ఇటువంటి జీవులనే చూశాడు. ఇది చీరపేల ద్వారా వ్యాపించే రకం. ఇందులో చీరపేల పాత్రను 1907లో మాకీ అనే వైద్యుడు నాసిక్‌లో గుర్తించాడు.

ఆఫ్రికాలో కనిపించే రకానికి వాహకం పిడుదు. 1905లో కాంగోలో డటన్, టాడ్ అనే ఇద్దరు పరిశోధకులు పిడుదుల ద్వారా కోతులకు ఈ వ్యాధిని కలిగించి చూపారు. పరిశోధన సాగుతుండగా వారిద్దరికీ అదే జ్వరం సోకింది. డటన్ ఆ ఏడు ఫిబ్రవరిలో కాంగోలోనే మరణించాడు. ఆ సూక్ష్మజీవికి బొర్రీలియా డట్టోనీ అని అతని పేరే పెట్టారు.

పిడుదు చేసే పని

కొన్ని ప్రాంతాలలో గోమారి అని పిలిచే పిడుదు కీటకం కాదు. దానికి ఎనిమిది కాళ్ళు. సాలీడు, తేలు దాని బంధువులు. పశువుల చెవులకు, పొదుగులకు రోజుల తరబడి పట్టుకొని వేలాడేది గట్టి పిడుదు. పునరావృత జ్వరాన్ని ఎక్కువగా వ్యాపింపజేసేది మెత్తని పిడుదు. పగలు ఇది మట్టిగోడల పగుళ్ళలో, నేలబీటలలో, ఎలుక కన్నాలలో దాగి ఉంటుంది. రాత్రివేళ బయటకు వచ్చి, నిద్రించే మనిషి రక్తాన్ని అరగంటలోపే పీల్చి వెళ్ళిపోతుంది. నొప్పి తెలియదు. కనుక తనను పిడుదు కరిచిందని రోగికే తెలియదు. మెత్తని పిడుదు ఆహారం లేకుండా కొన్ని సంవత్సరాలు బ్రతకగలదు. కొన్ని జాతులలో సూక్ష్మజీవి తల్లి నుండి గ్రుడ్లలోకి కూడా ప్రవేశిస్తుంది. పాడుపడిన ఇల్లు సైతం ప్రమాదకరం కావడానికి ఇదే కారణం.

ఎందుకు తిరగబెడుతుంది?

బొర్రీలియా ఉపరితలంపై ఒక ప్రత్యేక ప్రోటీన్ పొర ఉంటుంది. శరీరం దానిని శత్రువుగా గుర్తించి, దానికి సరిపడే ప్రతిరక్షకాలను తయారు చేస్తుంది. అవి సూక్ష్మజీవులను నాశనం చేయగా జ్వరం దిగుతుంది. అంటే మొదటిసారి జ్వరం తగ్గడం శరీరం సాధించిన విజయమే. కాని లక్షల సూక్ష్మజీవులలో ఏ కొన్నో అప్పటికే వేరొక ప్రోటీన్ పొరను ధరించి ఉంటాయి. పాత ప్రతిరక్షకాలు వాటిని పట్టుకోలేవు. అవి వృద్ధి చెందడానికి ఒక వారం పడుతుంది. అదే జ్వరం లేని వ్యవధి. తరువాత జ్వరం, కొత్త ప్రతిరక్షకాలు, మరొక మార్పు.

ఊరికాపరులకు ఒక దొంగ ఆనవాళ్ళు తెలిసేసరికి, అతడు మరొక వేషంలో తిరుగుతున్నట్లు ఉంటుంది ఇది. ఈ వేషాలన్నీ సూక్ష్మజీవి జన్యువులలోనే నిలువ ఉంటాయి. ఒక్కొక్కసారి ఒక్కొక్క జన్యువు మాత్రమే పని చేస్తుంది. ఒకే ఒక బొర్రీలియా సంతతి నుండి 24 విభిన్న రూపాలు వెలువడినట్లు 1982లో అమెరికన్ పరిశోధకులు ఎలుకలపై ప్రయోగాలు చేసి తెలిపారు.

రోగనిర్ణయం, చికిత్స

ఆఫ్రికా గ్రామాలలో ఈ వ్యాధిని తరచు మలేరియాగా భావిస్తారు. జ్వరం ఉన్నప్పుడు తీసిన రక్తపు పూతకు రంగు వేసి సూక్ష్మదర్శినిలో చూస్తే మలేరియా జీవులూ, బొర్రీలియాలూ వేరువేరుగా తెలుస్తాయి. జ్వరం లేని రోజులలో రక్తంలో సూక్ష్మజీవులు బహు స్వల్పం. కనుక అప్పటి పరీక్ష మోసగించవచ్చు. ఇటీవల వాడుకలోకి వచ్చిన మలేరియా సత్వర పరీక్ష మలేరియా ఉన్నదో లేదో మాత్రమే చెప్పగలదు, బొర్రీలియాను పట్టివ్వలేదు. అందుచేత సూక్ష్మదర్శిని అవసరం తీరిపోలేదు.

టెట్రాసైక్లిన్, పెనిసిలిన్ వంటి మందులతో ఈ వ్యాధి నయమవుతుంది. అయితే మొదటి మోతాదు ఇచ్చిన కొద్ది గంటలలో, సూక్ష్మజీవులు ఒక్కుమ్మడిగా చనిపోవడం వల్ల చలి, జ్వరం తీవ్రం కావచ్చు. అందువల్ల చికిత్స వైద్యుని పర్యవేక్షణలోనే జరగాలి.

నివారణ

1973లో అమెరికాలోని గ్రాండ్ కాన్యన్ ఉత్తరపు అంచున కొయ్య కుటీరాలలో బస చేసిన 62 మందికి ఈ జ్వరం వచ్చింది. కుటీరాల గోడలలో, అటకలలో ఎలుకజాతి జంతువులు గూళ్ళు కట్టుకున్నాయి. వాటిని ఆశ్రయించిన పిడుదులే దీనికి కారణం. యాత్రికులలో పలువురు ఇళ్ళకు చేరిన తరువాత జబ్బుపడ్డారు. కాబట్టి ఇటువంటి జ్వరం వచ్చిన వారిని ఎక్కడికి వెళ్ళారని మాత్రమే కాక, రాత్రి ఎక్కడ పడుకున్నారని కూడా వైద్యుడు అడగాలి.

ఈ పిడుదులు గల ప్రాంతాలలో గోడల పగుళ్ళు పూడ్చడం, ఇంట్లో ఎలుకలు చేరకుండా చూడడం, నేలమీద గాక గోడకు ఎడంగా వేసిన మంచంమీద దోమతెరలో నిద్రించడం మంచి రక్షణ. ఒకమారు దిగిపోయి వారానికి మళ్ళీ వచ్చిన జ్వరాన్ని పథ్యదోషమని ఉపేక్షింపక, జ్వరం ఉన్నప్పుడే రక్తపరీక్ష చేయించుకోవడం అవసరం.