డిస్కో దరువుకు పది రాగాలు!

'యాసిడ్ హౌస్'... షికాగోలో పుట్టి 1980ల చివర్లో ఐరోపా కుర్రకారును ఊపేసిన ఎలక్ట్రానిక్ సంగీతం. దానికి అసలు ఆద్యుడు ముంబయిలో హిందీ సినిమా పాటలకు వాద్యాలు వాయించిన చరణ్‌జిత్ సింగ్ అని ఓ వాదన. అందులో నిజమెంత?

1982లో ఆయన ఓ రికార్డు చేశారు. పేరు 'సింథసైజింగ్: టెన్ రాగాస్ టు ఎ డిస్కో బీట్'. భైరవ్, లలిత్, యమన్, మాల్‌కౌంస్... ఇలా పది హిందుస్థానీ రాగాలు. వాటికి దరువు వేసేదీ, బేస్ పలికించేదీ యంత్రాలే. రికార్డును జనం పట్టించుకోలేదు. 2010లో నెదర్లాండ్స్ సంస్థ ఒకటి దాన్ని మళ్లీ విడుదల చేసింది. విన్నవాళ్లు ఉలిక్కిపడ్డారు... అచ్చం యాసిడ్ హౌసే!

కారణం ఒక చిన్న పెట్టె. జపాన్‌కు చెందిన రోలండ్ కంపెనీ చేసిన టీబీ-303. బేస్ గిటారు వాయించే తోడు లేనివారి కోసం తయారుచేశారు. కానీ దాని శబ్దం గిటారులా లేదు. 1984లో తయారీ ఆపేశారు. ఆ పెట్టెతోనే షికాగో బృందం ఫ్యూచర్ 1987లో 'యాసిడ్ ట్రాక్స్' తెచ్చింది. యాసిడ్ హౌస్‌కు పేరు పెట్టింది ఆ పాటే.

అంటే సింగ్ ఐదేళ్లు ముందు. కానీ షికాగో కుర్రాళ్లు ఆయన రికార్డు విన్నారనడానికి ఆధారం లేదు. కాబట్టి 'ఆద్యుడు' అన్న మాట అతకదు.

అసలు తేడా వాయించడంలో ఉంది. షికాగోలో ఒకే చిన్న వరసను మళ్లీమళ్లీ మోగిస్తూ, మీటలు తిప్పి శబ్దాన్ని మార్చారు. అక్కడ రాగంతో పనిలేదు. సింగ్ దగ్గర రాగమే ప్రధానం. కింద యంత్రం ఆగకుండా నడుస్తుంటే, పైన సింథసైజర్ మీద యమన్... అంటే మన కల్యాణి... మెల్లగా విచ్చుకుంటుంది. స్వరం నుంచి స్వరానికి జారే గుణం మన సంగీతానికి ప్రాణం. ఆ జారుడు 303లోనూ ఉంది. అందుకే రెండూ కలిసిపోయాయి.

'యాసిడ్ హౌస్ తాత' అన్న పేరు సింగ్‌కు డెబ్భై దాటాక విదేశీ వేదికలనిచ్చింది. 2015లో ఆయన కన్నుమూశారు. ఆ పేరు ఆయనకు గౌరవమే... కానీ అది ఆయన్ని షికాగో కథకు ముందుమాటగా మిగిల్చేసింది. యంత్రంతో రాగం పాడించిన ఆ పని మాత్రం ఎవరి కథకూ ముందుమాట కాదు. దానికదే ఓ అధ్యాయం!