మీకు తెలుసా? కారు బ్యాటరీలో ముందు విప్పాల్సింది మైనస్ వైరే!

రామగుండంలో ఎండాకాలం 45 డిగ్రీలు దాటిన రోజులున్నాయి. ఆదిలాబాద్‌లో చలికాలపు తెల్లవారుజామున ఉష్ణోగ్రత పది డిగ్రీల లోపుకు పడిపోతుంది. ఎండ బ్యాటరీ ఆయుష్షును తినేస్తుంది, చలి దాని బలాన్ని తగ్గిస్తుంది. బానెట్ ఎత్తే పని ఎప్పుడో ఒకప్పుడు పడక తప్పదు.

ఇప్పటి కార్లలో ఇనుప బాడీ అంతా మైనస్‌కే కలిపి ఉంటుంది. ప్లస్ నట్టు ముందు విప్పుతుంటే పానా జారి బాడీకి తగిలిందనుకోండి, షార్ట్ సర్క్యూటే! 12 వోల్టులు మామూలుగా షాక్ కొట్టవు గానీ, ఆ క్షణంలో పానా గుండా వందల ఆంపియర్లు పారతాయి. వేలికున్న ఉంగరం ఆ దారిలో పడితే చర్మం మాడిపోతుంది. పైగా చార్జింగ్‌లో బ్యాటరీ నుంచి హైడ్రోజన్ వస్తుంది. అది పేలడానికి ఒక్క నిప్పురవ్వ చాలు. మైనస్ ముందే తీసేస్తే, తర్వాత ప్లస్ విప్పేటప్పుడు పానా బాడీకి తగిలినా ఏమీ కాదు.

తాళంచెవి తీసి, ఉంగరం, వాచీ, కడియం పక్కన పెట్టి మైనస్ విప్పండి. చాలా కార్లకు 10 నంబరు పానా సరిపోతుంది. ఊడిన వైరు మళ్లీ తగలకుండా పొడిగుడ్డ చుట్టండి. బిగించేటప్పుడు ముందు ప్లస్, ఆఖరున మైనస్.

ఎయిర్‌బ్యాగ్ దగ్గర పనైతే కారు పుస్తకంలో చెప్పినంతసేపు ఆగాలి. ఎందుకంటే బ్యాటరీ తీశాక కూడా ఎయిర్‌బ్యాగ్ కెపాసిటర్‌లో కాసేపు కరెంటు మిగిలి ఉంటుంది. హైబ్రిడ్, ఎలక్ట్రిక్ కార్లలోని నారింజ రంగు వైర్లను మాత్రం మీరు ముట్టుకోవద్దు, శిక్షణ పొందిన మెకానిక్‌కే వదిలేయండి.