మైకు వాల్యూమ్ పెంచితే మోత కూడా పెరుగుతుంది

ఆగ్నేయ మధ్య రైల్వే ప్రధాన కేంద్రం బిలాస్‌పుర్. అక్కడి దయాల్‌బంద్ వంటి చోట ఇంట్లో కూర్చుని కంప్యూటర్‌లో జట్టుగా ఆడేవారికి రెండు ఫిర్యాదులు ఎదురవుతుంటాయి. మాట వినబడడం లేదన్నది ఒకటి, వెనుక మోత ఎక్కువన్నది మరొకటి. మొదటిదానికి విరుగుడుగా మైకు వాల్యూమ్‌ను వందకు పెంచితే రెండోది ముదురుతుంది. ఆ పెంపు మాటతోపాటు ఫ్యాన్ హోరుకు, రైలు కూతకు కూడా వర్తిస్తుంది మరి!

సరైన మార్గం మైకును దగ్గరకు తేవడమే. నోటికీ మైకుకూ మధ్య దూరం సగమైతే మాట సుమారు 6 డెసిబెల్స్ పెరుగుతుంది. గదిలోని మోత దాదాపు అంతే ఉంటుంది. ఊపిరి సూటిగా తగలకుండా మైకును నోటికి కాస్త పక్కగా ఉంచాలి.

ఆ తర్వాతే విండోస్ సౌండ్ సెట్టింగ్స్. ల్యాప్‌టాప్ లోపలి మైకు ఎంపికై ఉంటే ఎంత ఖరీదైన హెడ్‌సెట్ అయినా వృథా. మైక్రోఫోన్ బూస్ట్ ఉంటే సున్నాకు దించి, తప్పనిసరైతేనే పెంచాలి.

డిస్కార్డ్‌లోని క్రిస్ప్ సదుపాయం నిలకడైన ఫ్యాన్ హోరును బాగానే తొలగిస్తుంది. ఇన్‌పుట్ సెన్సిటివిటీతోనే జాగ్రత్త అవసరం. దాని హద్దు మరీ ఎక్కువైతే మాట మొదలే తెగిపోతుంది. ‘కుడివైపు శత్రువు’ అన్నప్పుడు ‘కుడి’ పోతే మిగిలిన హెచ్చరికతో ప్రయోజనమేమిటి? ఇల్లంతా సందడిగా ఉన్నప్పుడు మీట నొక్కితేనే మాట వెళ్లే ‘పుష్ టు టాక్’ మేలు.

ఆటకు ముందు పది సెకన్లు రికార్డు చేయండి. సగం సేపు మౌనంగా ఉండి, మిగతా సగం మాట్లాడి, రెండూ వినండి.