మత్రా సూక్‌లో రాణీ రూపాయలు

మస్కట్: పాత తులం 11.66 గ్రాములు ఎందుకైందో తెలుసా? విక్టోరియా రాణి బొమ్మ ఉన్న వెండి రూపాయి బరువు కూడా అంతే!

ఆ రూపాయి గల్ఫ్‌లోనూ చెల్లింది. ఒమన్‌కు సొంత రియాల్ వచ్చింది 1970లోనే. అందుకే మత్రా సూక్‌లో పాత వెండి అమ్మే కొట్లలో, మరియా థెరిసా నాణేల పక్కన ఇవీ కనబడుతుంటాయి.

సెలవు రోజుల్లో అక్కడ తిరిగి, ఒక్కో సంవత్సరానిది ఒక్కోటి చొప్పున కూర్చడం మొదలెట్టాను. 1862ది సులువుగానే దొరికింది. దొరక్కేం, పదేళ్లకు పైగా అదే సంవత్సరం వేసి ముద్రించారు మరి! 1877 నుంచి 'క్వీన్' పోయి 'ఎంప్రెస్' వచ్చింది. కష్టమంతా చివర్లోనే. జనం తెచ్చిన వెండిని రూపాయలుగా కొట్టివ్వడం టంకశాలలు 1893లో ఆపేశాయి. ముద్రణ పడిపోయింది. 1897ది కోసం ఇంకా వెతుకుతూనే ఉన్నా.

నావన్నీ చేతులు మారి అరిగినవే. మెరిసేవి కొనే స్తోమత మనకెక్కడిది? కొనేముందు తూకం వేయించండి. అరుగుదలకు కొంచెం తగ్గుతుంది, మరీ తేడా ఉంటే నకిలీయే అనుకోండి. మొదటిదాన్ని రూంలో చింతపండుతో తళతళా తోమేశాను. కొట్టాయన చూసి తల పట్టుకున్నాడు. విలువ సగం పోయిందట.

ఊళ్లో నాయనమ్మ పెట్టెలోవి ఇక్కడికి తెచ్చుకుందామనుకుంటున్నారా? వద్దు. వందేళ్లు దాటిన నాణేన్ని దేశం దాటించడం 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం నేరం. నా సెట్‌లో 1874 గడి ఖాళీ. అది అమ్మ దగ్గరుంది. అక్కడే ఉండనీ.