గాలి చెప్పే చదువు

వేములపల్లిలో నీళ్లంటే సాగర్ ఎడమ కాలువే. నీళ్లు ఎప్పుడు వదులుతారు, ఎప్పుడు ఆపేస్తారు, చివరి ఆయకట్టు దాకా అందుతాయా అన్నదే మిర్యాలగూడ వరకు రచ్చబండ మాట. సముద్రం ఊసు రాదు. తెరచాప ఓడంటారా, అది సినిమాలో చూడాల్సిందే. అలాంటి ఓడల మీద ఈ రోజుకీ కుర్రాళ్లకు శిక్షణ ఇస్తున్నారంటే ఎవరైనా నవ్విపోతారు.

కానీ ఇస్తున్నారు. కొచ్చిలో మన నౌకాదళానికి అలాంటివి రెండున్నాయి. 1997 నవంబరు 11న చేరిన ఐఎన్ఎస్ తరంగిణి పెద్దది, 2012 జనవరి 27న చేరిన ఐఎన్ఎస్ సుదర్శిని దాని చెల్లెలు. రెండూ గోవా షిప్‌యార్డులో కట్టినవే. సుదర్శిని పొడవు 54 మీటర్లు. మూడు తెరకొయ్యలు, 20 చాపలు, వాటిని లాగి బిగించడానికి సుమారు 7.5 కిలోమీటర్ల తాడు.

కేడెట్ ముందు నేర్చుకోవాల్సింది ఆ తాళ్లనే. ఏది ఏ చాపదో చీకట్లో చేత్తో తడిమి చెప్పాలి. ఆ తర్వాత రక్షణ బెల్టు తగిలించుకుని కొయ్యెక్కాలి. అడ్డదూలం కింద వేలాడే తాడు మీద పాదాలానించి, తడిసి బరువెక్కిన చాపను మడిచి కట్టాలి. కింద డెక్కు జానెడు ఊగితే పైన మూరెడు ఊగుతుంది. ఒక్కడి వల్ల అయ్యే పని కాదిది. పొద్దున్న పోట్లాడుకున్న ఇద్దరు కూడా మధ్యాహ్నం ఒకే తాడు లాగాల్సిందే.

జీపీఎస్ కాలంలో ఈ తిప్పలెందుకు? ఇంజను ఓడలో గాలి లెక్క తప్పినా ఓడ నడిచిపోతుంది, తప్పు బయటపడదు. చాప మాత్రం టపటపా కొట్టుకుని అక్కడికక్కడే నిలదీస్తుంది. అందుకే ఎళిమల నౌకాదళ అకాడమీలో చదువు ముగించిన ట్రైనీలు కొచ్చిలో యుద్ధనౌకలతో పాటు వీటినీ ఎక్కుతారు. ఇది ప్రమాదం లేని చదువూ కాదు. 1957 సెప్టెంబరు 21న జర్మనీ శిక్షణ ఓడ పామిర్ అట్లాంటిక్ తుపానులో మునిగిపోయింది. ఎక్కిన 86 మందిలో బతికింది ఆరుగురు.

తెలుగువాళ్లకు ఈ విద్యలో చెప్పుకోదగ్గ పేర్లు విశాఖ స్వాతి, హైదరాబాద్ ఐశ్వర్య బొడ్డపాటి. వర్తికా జోషి నాయకత్వంలో ఐఎన్ఎస్‌వీ తారిణిపై భూమిని చుట్టొచ్చిన ఆరుగురు మహిళా అధికారుల జట్టులో వీళ్లిద్దరూ ఉన్నారు. తారిణి పొడవు 17 మీటర్లే, దాన్ని ఓడ అనడం కంటే పడవ అనడమే సబబు. అంతకుముందు మహదేయి అనే మరో పడవ మీద సాధన చేశారు. ఒంటరిగా ప్రపంచాన్ని చుట్టిన తొలి భారతీయుడు దిలీప్ దోండే వాళ్ల గురువు.

2017 సెప్టెంబరు 10న గోవాలో బయలుదేరారు. భూప్రదక్షిణ అనిపించుకోవాలంటే భూమధ్యరేఖను రెండుసార్లు దాటాలి, కనీసం 21,600 నాటికల్ మైళ్లు పోవాలి, సూయజ్, పనామా కాలువల గుండా వెళ్లకూడదు. కాలువ నమ్ముకున్న మన ఊళ్లకు ఈ నిబంధన వింతగానే ఉంటుంది. ఫ్రీమాంటిల్, లిటిల్టన్ మజిలీలయ్యాక పసిఫిక్‌లో తుపాను చుట్టుముట్టింది, అలలు ఇళ్లంత ఎత్తున లేచాయి. 2018 జనవరిలో కేప్ హార్న్ దాటారు. కేప్‌టౌన్ విడిచాక చుక్కాని వ్యవస్థ మొరాయించి మారిషస్‌లో ఆగాల్సి వచ్చింది. మే 21న గోవా చేరేసరికి 254 రోజులు.

సముద్రం లేని తెలంగాణలోనూ దారి ఉంది. హుస్సేన్‌సాగర్‌లో ఏటా జాతీయ స్థాయి సెయిలింగ్ పోటీలు జరుగుతాయి. యాట్ క్లబ్ ఆఫ్ హైదరాబాద్ పేదింటి పిల్లలకు చాప పట్టడం నేర్పుతోంది. సికింద్రాబాద్‌లో ఎన్‌సీసీ నౌకా విభాగమూ ఉంది. 2022 నుంచి జాతీయ రక్షణ అకాడమీ (ఎన్‌డీఏ)లోకి అమ్మాయిలనూ తీసుకుంటున్నారు. నౌకాదళం వైపు వెళ్లాలంటే ఇంటర్‌లో ఎంపీసీ చదివి ఉండాలి. ఈత రాదని జంకే వాళ్లకు అదీ అక్కడే నేర్పుతారు.